ఎగువ డ్యాము మీద దిగువ దేశపు అధ్యక్షుడు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. పొరుగుదేశాల స్నేహం గురించి రాస్తానంటే, సార్క్ గురించేననుకున్నారు. 2014లో ఖాట్మండులో జరిగిన తరువాత సార్క్ శిఖరాగ్ర సమావేశం మళ్లీ జరగనేలేదు. అందుకని మిమ్మల్ని అటువంటి స్నేహం కొంతైనా నిలబడిన చోటికి, దక్షిణ అమెరికాకు తీసుకువెళుతున్నాను. దేశాలు దూరమే గాని కథ మనకు కొత్త కాదు. నీళ్ల తగాదాతోనే మొదలవుతుంది.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ నడుస్తోంది. ఆ కాగితాలు టైపు చేసి చేసి, దిగువన ఉన్నవాడి భయం ఎటువంటిదో నాకు తెలిసింది. పైవాడు గేట్లు దించితే ఎండుతాం, ఒక్కసారిగా ఎత్తితే మునుగుతాం. (ఇప్పుడు మన రెండు రాష్ట్రాల మధ్య కూడా ఇదే గొడవ. దాని జోలికి నేను పోను. సంఘంలో రెండు వైపులవారూ ఉన్నారు.)

అర్జెంటీనా భయమూ అదే. పరానా నది మీద ఇతైపు దగ్గర పెద్ద డ్యాము కట్టడానికి 1973లో బ్రెజిల్, పరాగ్వే ఒప్పందం చేసుకున్నాయి. దిగువన కార్పుస్ అనే చోట పరాగ్వేతో కలిసి మరో డ్యాము కట్టాలని అర్జెంటీనా ఆలోచన. పైది ఎలా నడపాలి, కిందిది ఎంత ఎత్తుండాలి అని ఏళ్ల తరబడి తగాదా. 1979 అక్టోబరులో, మూడు దేశాల్లోనూ సైనిక పాలన ఉన్నప్పుడే, రాజీ కుదిరింది. కార్పుస్ నీటిమట్టం సముద్రమట్టానికి 105 మీటర్లకు మించరాదు. ఇతైపులో 18 టర్బయిన్లు నడుపుకోవచ్చు. దిగువన నది మట్టంలో హెచ్చుతగ్గులు గంటకు అర మీటరు, రోజుకు 2 మీటర్లు దాటరాదు. ఇంత ఖచ్చితంగా రాసుకున్న కాగితం చూస్తే నావంటి పాత గుమాస్తాకు ప్రాణం లేచివస్తుంది. కార్పుస్ డ్యాము మాత్రం నేటికీ కట్టలేదు!

1983లో అర్జెంటీనాలో ఎన్నికైన అల్ఫోన్సిన్, 1985లో బ్రెజిల్‌లో సార్నే అధ్యక్షులయ్యారు. వీరిద్దరికీ పొరుగుదేశపు సైన్యం కన్నా సొంత సైన్యమంటేనే ఎక్కువ బెంగ అని నా అభిప్రాయం. పొరుగువాడు శత్రువుగా ఉన్నంతకాలం సైన్యం పెత్తనానికి సాకు దొరుకుతుంది. 1985లో అర్జెంటీనాలో పాత సైనిక పాలకుల మీద విచారణ నడుస్తోంది. ఆ నవంబరు చివర ఇగువాసు నది మీద రెండు దేశాలనూ కలిపే కొత్త వంతెన ప్రారంభానికి అధ్యక్షులిద్దరూ వచ్చారు. ఆ సందర్భంలో అల్ఫోన్సిన్ ఇతైపు డ్యాము చూడటానికి వెళ్లి, సార్నే పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఏ డ్యాము పేరు చెబితే అర్జెంటీనా భయపడేదో, ఆ డ్యాము మీదే!

తరువాత అణు కేంద్రాల వంతు. రెండు దేశాలూ ఒకదానికి తెలియకుండా ఒకటి యురేనియం పనులు చేసుకున్నవే. 1987లో సార్నేను అర్జెంటీనా తన పిల్కానియేవు కేంద్రానికి పిలిచి చూపింది. 1988లో బ్రెజిల్ తన ఇపెరో కేంద్రానికి అల్ఫోన్సిన్‌ను పిలిచింది. 1991లో దీనికోసం ఉమ్మడి సంస్థే ఏర్పాటైంది. బ్రెజిల్ కేంద్రాలను అర్జెంటీనా నిపుణులు, అర్జెంటీనావి బ్రెజిల్ నిపుణులు తనిఖీ చేస్తారు. ఒక డివిజన్ స్టాకు రిజిస్టరును పక్క డివిజన్ వాళ్లు వచ్చి లెక్కచూసినట్టన్నమాట. అలా లెక్కచూస్తామంటే మన ఆఫీసుల్లో ఎవరైనా ఒప్పుకునేవారా?

వ్యాపారం వల్ల శాంతి వస్తుందని అంటారు గాని, ఇక్కడ వరుస వేరు. ముందు నీళ్లు, తరువాత అణు కేంద్రాలు, ఆ తరువాతే పెద్ద ఎత్తున వ్యాపారం. 1991 మార్చిలో పరాగ్వే, ఉరుగ్వేలను కూడా కలుపుకొని మెర్కోసుర్ కూటమి పెట్టుకున్నారు. 1990లో సుమారు 400 కోట్ల డాలర్లున్న పరస్పర వ్యాపారం 1997 నాటికి 2,000 కోట్లకు చేరింది. 1999లో బ్రెజిల్ కరెన్సీ విలువ పడిపోయి దెబ్బ తగిలిందనుకోండి.

ప్రజాస్వామ్యానికి పరీక్ష 1996 ఏప్రిల్‌లో పరాగ్వేలో వచ్చింది. సైన్యాధిపతి ఒవియెదో, దిగిపొమ్మన్న అధ్యక్షుడికే ఎదురు తిరిగాడు. పొరుగుదేశాల విదేశాంగ మంత్రులు వెంటనే అసున్సియోన్‌లో దిగారు. కుట్ర సాగలేదు. ప్రజాస్వామ్యం కూలిన సభ్యదేశాన్ని పక్కన పెట్టవచ్చునని 1998లో ఉషువాయాలో రాసుకున్నారు. అయితే 2012 జూన్‌లో పరాగ్వే పార్లమెంటు అధ్యక్షుడు లూగోను హడావుడిగా తొలగించగానే ఆ దేశాన్ని సస్పెండు చేసి, ఆ దేశపు సెనేటు ఆమోదించని వెనెజులాను మరుసటి నెలే చేర్చుకున్నారు. ఇది నాకు నచ్చలేదు. రూలు ఒకందుకు పెట్టి మరొకందుకు వాడుకోవడం మనకూ తెలిసిన విద్యే. ఆ వెనెజులానే 2017లో అదే రూలు కింద సస్పెండు చేయవలసి వచ్చింది.

తగాదాలు లేకపోలేదు. ఉరుగ్వే నది ఒడ్డున ఉరుగ్వే దేశం కాగితపు గుజ్జు మిల్లుకు అనుమతి ఇస్తే, నది కలుషితమవుతుందని అర్జెంటీనా ఒడ్డున ఉన్న ఊరివాళ్లు వంతెన దారి మూసేశారు. 2006 నుంచి 2010 దాకా మూడున్నరేళ్లు తెరవనివ్వలేదు. కేసు హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ముందుగా పొరుగువారికి చెప్పకపోవడం ఉరుగ్వే తప్పేననీ, కాలుష్యం మాత్రం రుజువు కాలేదనీ 2010 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. తీర్పు వచ్చాక రెండు ప్రభుత్వాలూ కూర్చుని, రెండు దేశాల శాస్త్రజ్ఞులూ కలిసి నదిలోనూ, మిల్లు లోపలికి వెళ్లి కూడా నీటి శాంపిళ్లు తీసుకునేటట్టు ఒప్పందం రాసుకున్నాయి.