పాత రేడియోలు - వోల్టుల కొలత

హైదరాబాదు సంస్థానమున 1935లో నిజాం ప్రభుత్వము క్రింద దక్కన్ రేడియో ప్రసారములు మొదలయ్యెను. 1950 ఏప్రిల్ 1న అది అఖిల భారత రేడియోలో లీనమయ్యెను. ఆ ప్రసారములను వినుటకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలకు మొదటి చిక్కు విద్యుత్తు. కరెంటు లేని ఊళ్ల వాల్వు రేడియోకు రెండు బ్యాటరీలు కావలెను: వాల్వులోని తీగ వేడెక్కుటకు ఒకటిన్నర వోల్టులది, ప్లేటుకు 90 వోల్టులది. 1970 ప్రాంతమున సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘ మేర్పడి పల్లెలకు కరెంటు నందింప బూనెను. అప్పటికే ట్రాన్సిస్టరు వచ్చి వాల్వు రేడియోను వెనుకకు నెట్టుచుండెను.

నేడు అట్టి పెట్టెలను మరల పలికింప గోరువారు కొందరు కలరు. వారికి మొదటి పని వోల్టుల కొలత. ఆంపియరు, వోల్టు, ఓము మూడింటిని ఒక్క పరికరముతో కొలుచు ఏవో మీటరును 1923లో ఇంగ్లాండు తపాలాశాఖ ఇంజనీరు డోనాల్డ్ మకాడీ రూపొందించెను.

అయితే మీటరును గూర్చి ఒక సూక్ష్మము కలదు. ఊట తక్కువైన బావిలో నీరు తోడుచు లోతు కొలిచిన, మట్టము తగ్గియే కనబడును. ముల్లు మీటరు సైతము కొలుచుచునే కొంత కరెంటును త్రాగును. 200 వోల్టులు లక్ష ఓముల రెసిస్టెన్సు గుండా వచ్చు చోటొకటి తలపుడు. వోల్టునకు 1,000 ఓముల మీటరును 250 వోల్టుల కొలతపై పెట్టిన, దాని నిరోధము రెండున్నర లక్షల ఓములు. అది 143 వోల్టులు చూపును. వోల్టునకు 20,000 ఓములది 196 చూపును. కోటి ఓముల నేటి డిజిటల్ మీటరు 198 చూపును.

కనుక తయారీదారు కాగితమున 143 అని యుండి, నేటి మీటరు 198 చూపినంతమాత్రమున పెట్టె చెడినట్లు కాదు. శేరుల చిట్టాను కిలోలుగా చదివిన లెక్క తారుమారగును గదా! ఏ మీటరుతో కొలిచిరో చూడక మంచి భాగమును పీకివేసిన, పాత వాల్వు మరల దొరకుట కష్టము.

ప్రాణభయమును మరువరాదు. ట్రాన్స్‌ఫార్మరు లేని రేడియోలలో ఇనుప చట్రమే కరెంటుతో కలిసియుండవచ్చును. స్విచ్చి ఆపిన పిదపను కండెన్సరులో వోల్టులు నిలిచియుండును. రెసిస్టెన్సు ద్వారా వానిని దింపి, మీటరుతో సరిచూచి, అటుపిమ్మట చేయి పెట్టవలెను. కొలుచునప్పుడు రెండవ చేయి వెనుకనుండుట మేలు.

పాఠక మహాశయుల యిండ్లలో రేడియోతో వచ్చిన కాగితము లేవైన నున్నచో పారవేయకుడు. పెట్టెకు తాళపుచెవి ఆ కాగితమే. దానిని గ్రంథాలయమున పుస్తకముతో సమానముగా భద్రపరచుట మన ధర్మము.