మేస్త్రీ పనీ, దేవుని పనీ

పాదిరి కావడం దైవపిలుపా, బతుకుతెరువా? ఈ వాదన మన తెలుగు సంఘాల్లో పాతదే. పట్టా, జీతం, బంగళా, బదిలీ ఉన్నచోట పిలుపెక్కడిదని ఒకరంటారు. కడుపు మాడ్చుకుని సేవ ఎన్నాళ్లు సాగుతుందని ఇంకొకరు. నాకు మాత్రం ఈ మాట రాగానే ఒంగోలూ, మా చెన్నపట్నం నడిబొడ్డున మురుగై పారే బకింగ్‌హాం కాలువా గుర్తుకొస్తాయి.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరాడు. దేశంలో ఉన్నప్పుడు భూముల సర్వే చేసినవాడు. ఆ ఏడాదే తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అప్పటికే రాజయోగ గురువుల వెంట తిరిగి, దేవుణ్ణి వెదుకుతున్న మనిషి. ఎవరూ నియమించకముందే ఊరూరా తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ప్రాంతానికి వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. ఇది పిలుపు కాదనడానికి నాకు నోరు రాదు.

1872లో రామాపట్నంలో వేదాంత పాఠశాల వెలిసింది. చదువూ, జీతమూ వచ్చాయి. చచ్చిన గొడ్డును మోసిన చేతికి పుస్తకం వచ్చింది. దాన్ని కోరుకున్నవాణ్ణి స్వార్థపరుడంటే ఎలా? అర్చకత్వం తండ్రి నుంచి కొడుక్కి వస్తే ఉద్యోగమని ఎవరూ ఎత్తిపొడవరు గదా!

అసలు పరీక్ష 1876–78 నాటి ధాత కరువు. తమిళులూ దాన్ని ‘దాదు వరుషప్ పంజం’ అనే అంటారు. సంవత్సరం పేరే కరువు పేరయింది. సర్కారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. మిగతా శిబిరాల్లో మాదిగలకు అవమానాలు తప్పవని భయం. పాత సర్వే విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. ఆయన బోధకులే మేస్త్రీలయ్యారు. పొద్దున కొలతలు, కూలి లెక్కలు. కూలీలు నడుం వాల్చినప్పుడు పక్కన కూర్చుని సువార్త. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు పనులు. ఏది కొలువు, ఏది పిలుపు అని ఆ కాలువ గట్టున గీత గీయడం నావల్ల కాదు.

అయితే క్లౌ ఒక గీత గీశాడు. కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తేల్చి చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది.

వచ్చినవారిని అలా పరీక్షించిన మిషను, చెప్పేవారికి మాత్రం జీతం ఇస్తూనే వచ్చింది. అందులో తప్పుందని నేననను. కాని ఆ జీతం ఊరి సంఘం నుంచి కాక సముద్రం అవతలి నుంచి వచ్చింది. మన వాదన ముడి అక్కడే పడిందని నా అనుమానం. జులై 3న నీటిలో దిగింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా దిగారు.