బొల్లారము దండు, పల్లె శిస్తు

ఇంటిపన్ను చీటీ పెరిగిన అంకెతో చేతికి వచ్చిననాడు గృహస్థుడు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈ సొమ్మంతయు ఎక్కడికి పోవుచున్నది?" ఆ ప్రశ్నకు శాసనసభలోనో, పత్రికలలోనో, కనీసము వీధి అరుగుమీదనో నేడు ఏదో ఒక జవాబు దొరకును. జవాబు నచ్చకపోవచ్చును, అడిగినందుకు మాత్రము ఎవరిని ఊరు విడిచి పొమ్మనరు. హైదరాబాదు రాజ్యములో ఈపాటి హక్కు చేకూరుటకు ఎంత కాలము పట్టినదో చెప్పదలచి, మేము ఈ ప్రసంగమును యాప్రాల్ నుండి ఆరంభించుచున్నాము.

యాప్రాల్ సికిందరాబాదునకు ఉత్తరమున, ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్నది. ఒకప్పటి చేలలో ఇప్పుడు మేడలు లేచినవి. పడమటి దిక్కున అల్వాలు, బొల్లారము, దక్షిణముగా తిరుమలగిరి. ఈ చుట్టుప్రక్కల పేర్లను కొంచెము చెవియొగ్గి వినవలెను. బొల్లారములో రిసాల బజారు కలదు. రిసాల అనగా గుఱ్ఱపు దళము. సికిందరాబాదు నుండి మేడ్చలు మీదుగా పోవు రైలుదారిలో, అల్వాలునకు ముందు, ఒక స్టేషను పేరు కావల్రీ బ్యారక్స్. అదియు గుఱ్ఱపు దళపు మాటయే. సికిందరాబాదును మన పెద్దలు నేటికిని లష్కరు అనియే పిలుతురు. ఈ నేల మీద పేర్లన్నియు సైన్యము పెట్టినవే. ఆ గుఱ్ఱములకు దాణా, ఆ రౌతులకు జీతము, వారిపై దొరలకు భత్యము ఎవరిచ్చిరి? నిజాము రాజ్యములోని రైతు ఇచ్చెను. ఎందుకు ఇచ్చుచున్నాడో అతనికి ఎవరును చెప్పలేదు.

కథ 1798లో మొదలగును. ఆ సంవత్సరము నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొని, తన కొలువులోని ఫ్రెంచి దళమును రద్దుపరచి, కంపెనీ పటాలములు ఆరింటిని తన రాజ్యమున ఉంచుకొనుటకు ఒప్పుకొనెను. అందులకు ఏటేట 24,17,100 రూపాయలు. 1800లో దళము పెరిగెను, ఖర్చును పెరిగెను. నగదునకు బదులుగా, టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధముల వలన తన వంతుకు వచ్చిన బళ్లారి, కడప మొదలగు సీమలను నిజాము కంపెనీకి శాశ్వతముగా వదలివేసెను. అవియే దత్తమండలములు. 1928 నుండి వానిని మనము రాయలసీమ యనుచున్నాము.

ఇంతటితో లెక్క తీరవలసినది. సీమలకు సీమలే ఇచ్చివేసిన తరువాత సైన్యము పేర మరల చెల్లింపు లేమిటికి? కాని 1800 సంధిలో, యుద్ధము వచ్చినపుడు నిజాము 6,000 కాల్బలమును, 9,000 గుఱ్ఱపు బలమును సాయమంపవలెనను షరతు ఒకటి ఉండెను. 'యుద్ధము వచ్చినపుడు' అను మాట గమనింపదగినది. 1811 నుండి 1820 వరకు రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ ఆ షరతును ఊతగా పట్టుకొని, ఇంగ్లీషు అధికారుల క్రింద, శాంతికాలమునందును నిలిచియుండు వేరొక సైన్యమును నిజాము ఖర్చుపై లేపెను. మొదట దానిని రస్సెల్ బ్రిగేడు అనిరి. పిమ్మట అది నిజాము కంటింజెంటు ఆయెను. బొల్లారము దాని ముఖ్య స్థావరము. పేరు నిజాముది, జీతము నిజాముది, ఆజ్ఞ మాత్రము రెసిడెంటుది. దీని ఖర్చు పెరిగి పెరిగి ఏటికి సుమారు 40 లక్షల రూపాయలకు చేరెను.

ఆ కాలమున ఖజానా తాళపుచెవి రాజా చందూలాలు చేతిలో ఉండెను. 1806లో పేష్కారు అయినది మొదలు 1843లో పదవి విడుచువరకు రాజ్యపు లెక్కలు ఆయన చేతిమీదుగానే నడచెను. ఆయన దాతృత్వమును గూర్చి, కవిపండితులను ఆదరించుటను గూర్చి హైదరాబాదులో ఎన్నో కథలు చెప్పుకొందురు. అవి అసత్యములు కావు. దానముచేసిన చేయి ఏ మూటలో నుండి తీసినదో చూచుట చరిత్రకారుని పని గనుక మేము ఆ మూటవైపు పోవుచున్నాము.

నెల తిరుగుసరికి దండు జీతములు చెల్లవలెను. పంట మాత్రము నెలనెల రాదు. ఈ రెండింటి నడుమ గల సందులో పుట్టినది తాలూకాల గుత్త. ఎవడు ఎక్కువ నజరానా ముందుగా చెల్లించునో వానికి తాలూకా. వాడు ఆ నజరానాను షావుకారు వద్ద వడ్డీకి తెచ్చును. తెచ్చినవాడు అసలు, వడ్డీ, తన లాభము మూడును ఆ ఊళ్లనుండియే రాబట్టుకొనవలెను. అందులోను తొందరపడి రాబట్టుకొనవలెను. ఏలనగా ఇంకొకడు ఇంకొక వేయి రూపాయలు పైన వేసినచో, పంట కోతకు రాకముందే తాలూకా చేతులు మారవచ్చును. అప్పుడు క్రొత్తవాడు వచ్చి అదే చేనిమీద మొదటినుండి అడుగును. పాతవానికి చెల్లించితిమని పటేలు, పట్వారీ మొరపెట్టుకొన్నను వినువాడు లేడు. ఇచ్చిన అప్పు తీరువరకు కొన్ని తాలూకాల వసూలునే అరబ్బు, రోహిలా జమాదారులు తమ క్రింద పెట్టుకొనిరి. శిస్తు వసూలుకు పటేలు వెంట తుపాకి వచ్చుట ఆ విధముగా అలవాటైనది.

పెక్కుచోట్ల శిస్తు ధాన్యరూపమున ఉండెను. కుప్పమీద సర్కారు ముద్ర పడినది మొదలు, పంపకము జరుగువరకు రైతు తన గింజను తాను ముట్టరాదు. వాన వచ్చినను, ఎలుకలు తిన్నను కుప్ప కళ్లములోనే ఉండవలెను. సర్కారు భాగము కొలిచిన పిమ్మట ఊరి ఆయగాండ్ర మేరలు, దేశముఖు, దేశపాండ్యాల రుసుములు పోగా మిగిలినది రైతుది. దానిపైన మగ్గమునకు పన్ను, అంగడికి పన్ను. బండి ఊరు దాటి పట్నము చేరుటకు దారిపొడవున రహదారి సుంకములు. శిస్తు పెరిగినదని ఎవరును చాటింపు వేయలేదు. పన్ను రేటు పెంచినట్లు కాగితము మీద ఒక్క అక్షరము లేకుండ పన్ను రెట్టింపగుట ఆ కాలపు విద్య.

ఇది చాలక వడ్డీ. విలియం పామర్ అను నాతడు, కంపెనీ సేనానికిని మొగలు వంశపు బీబీకిని పుట్టినవాడు, హైదరాబాదులో ఒక వర్తక సంస్థ నెలకొల్పెను. దేశీయ ప్రభువులకు ఆంగ్లేయులు అప్పు ఇయ్యరాదని 1797లో పార్లమెంటు చట్టము చేసియుండగా, 1816లో గవర్నరు జనరలు నుండి పామరు దుకాణమునకు ప్రత్యేకానుమతి లభించెను. సంస్థలో భాగస్తుడైన సర్ విలియం రంబోల్డ్, గవర్నరు జనరలు లార్డ్ హేస్టింగ్స్ ఇంట పెరిగిన యువతికి భర్త అనుసంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఈ దుకాణము దండు జీతములకు సొమ్ము సర్దుబాటు చేయుచు, నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు చొప్పున వడ్డీ గట్టుచుండెను. 1820లో 60 లక్షల ఋణము ఒకటి వ్రాసిరి. అందు 8 లక్షలు దుకాణమువారి బహుమానమే. ఆ 8 లక్షలు నిజాము ఖజానాకు చేరనే లేదు, వాని మీద వడ్డీ మాత్రము నడచెను.

1820 చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఈ గుట్టు బయటపెట్టెను. ఆయన పల్లెలు తిరిగి, పాడుపడిన ఊళ్లను చూచి, ఇంగ్లీషు అధికారులను జిల్లాలకు పంపి ఊరూర కొన్నియేండ్లకు శిస్తు నిర్ణయించి కౌలు పట్టాలు ఇప్పించెను. కౌలు అనగా ఇచ్చిన మాట. ఒకసారి చెప్పిన అంకె గడువులోపల మారదను హామీ దొరకగానే కొన్ని ఊళ్లకు వలసపోయిన రైతులు తిరిగివచ్చిరి. ఐనను ఒక సంగతి దాచరాదు. మెట్కాఫ్ గుత్తను తప్పుపట్టెను, వడ్డీని తప్పుపట్టెను; గుత్తకును, వడ్డీకిని మూలమైన బొల్లారము దండును మాత్రము ఎత్తివేయలేదు. 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా కోరిక మేరకు ఇంగ్లీషు అధికారులను జిల్లాలనుండి మరలించిరి. గుత్త మరల వచ్చెను.

పామరు బాకీ ఎట్లు తీరినదో ఆంధ్ర శ్రోతలు ప్రత్యేకముగా వినదగినది. ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీ నిజామునకు ఏటేట 7 లక్షలు పేష్కషు చెల్లించుచుండెను. 1823లో నిజాము ఆ హక్కును శాశ్వతముగా విడిచిపెట్టగా కంపెనీ 1,16,66,666 రూపాయలు లెక్కగట్టెను. ఏడు లక్షలను నూటికి ఆరు వడ్డీగా తీసికొన్నచో అసలెంతయో, అంత. పామరు బాకీ అందులోనుండి తీరెను. మరుసటి యేడే దుకాణము దివాలా తీసెను. ఈ విధముగ గోదావరి, కృష్ణా తీరముల పేరిట వచ్చు రాబడి బొల్లారము రౌతు జీతపు బాకీలో కలిసిపోయెను.

1843 తరువాత జీతములు బకాయిపడగా కంపెనీయే ఆ సొమ్మిచ్చి నిజాము పేర అప్పు వ్రాసికొనెను. అప్పు కొండయైన పిమ్మట, డల్హౌసీ గవర్నరు జనరలుగా ఉండగా, 1853 మే 21న నిజాము బెరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివము ప్రాంతమును కంపెనీకి అప్పగించుచు సంధిపై సంతకము చేసెను. 5,000 కాల్బలము, 2,000 గుఱ్ఱపు బలము, నాలుగు ఫిరంగి దళములకు తక్కువకాని హైదరాబాదు కంటింజెంటు ఇకపై ఆ రాబడిపై బ్రతుకును. ఖర్చు పోగా మిగులు నిజామునకు; ఏటేట లెక్క చూపెదమని కంపెనీ వ్రాసియిచ్చెను. 1860లో రాయచూరును, ధారాశివమును తిరిగి ఇచ్చి, 50 లక్షల బాకీ రద్దుచేసి, దానితోపాటు బెరారు లెక్కలు ఇక అడుగరాదని నిజామునుండి మాట తీసికొనిరి. గడచినవి, నడచుచున్నవి, రాబోవునవి ఏ లెక్కలును అడుగరాదు. ఆ దశాబ్దములోనే అమెరికా యుద్ధము వలన ప్రత్తి ధర మండిపోయెను. బెరారు నల్లరేగడి బంగారము పండెను. ప్రభువే లెక్క అడుగుటకు వీలులేని చోట రైతు సంగతి వేరుగ చెప్పనేల?

1853లోనే దివానైన సాలార్‌జంగు కృషి సుప్రసిద్ధము గనుక విస్తరింపము. 1865 జిల్లాబందీతో గుత్తదారు పోయి జీతగాడు వచ్చెను. తాలూక్‌దారు అను పేరే నిలిచెను గాని, అర్థము తలక్రిందులై, జిల్లాకు కలెక్టరువంటి ఉద్యోగికి అది చెల్లెను. ధాన్యపు పంపకము పోయి నగదు శిస్తు వచ్చెను. ఐతే మేము బయలుదేరిన ప్రాంతమునకు ఇందులో ఒక చిక్కు కలదు. మేడ్చలు తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. ఆ జిల్లా సర్ఫెఖాసు. అనగా నిజాముగారి సొంత ఖర్చుల భూమి. దాని రాబడి దివాను ఖజానాకు కాక నిజాముగారి సొంత ఖజానాకు పోవును. దివాను ఎంత చక్కని ఆదాయ వ్యయ పట్టిక తయారుచేసినను అందులో ఈ పల్లెల శిస్తు కనబడదు. 1949లో సర్ఫెఖాసు దివానీలో కలియువరకు ఈ ఏర్పాటు సాగెను.

మరి రాజ్యపు ఖర్చును గూర్చి హైదరాబాదులో బహిరంగముగా ప్రశ్నించినవారు ఎప్పుడు కనబడిరి? 1883లో. ఆ ఫిబ్రవరిలో సాలార్‌జంగు మరణించెను. రైలుమార్గమును వరంగల్లు మీదుగా చాందా వరకు పొడిగించుటకు లండను కంపెనీతో ఒప్పందము అప్పటికే నడచుచుండెను. వాటాదారుల వడ్డీకి నిజాము ప్రభుత్వము హామీ. కంపెనీకి లాభము రాకున్నచో లోటు ఖజానా భరింపవలెను. ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము పొంది వచ్చి హైదరాబాదు కళాశాలను నడుపుచున్న అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలగువారు ఒక సంఘముగా చేరి, ఒప్పందపు షరతులను ప్రజలకు తెలుపుడని కోరిరి. రైలు వద్దని వారు అనలేదు. ఎంత ఖర్చు, ఎవరి పూచీ, ఎన్నేండ్లు అని మాత్రమే అడిగిరి. మే 20న అఘోరనాథుని ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెళ్లగొట్టిరి. ఆయన కుమార్తె సరోజిని అప్పటికి నాలుగేండ్ల బాలిక. ఒప్పందము ఆ యేడు చివరలోనే కుదిరెను. రైలు 1889 నాటికి బెజవాడ చేరినది. చాందా వైపు దారి పూర్తియగుటకు ఇంకొక నలుబదియేండ్లు పట్టినది.

అఘోరనాథుడు కొన్నియేండ్లకు తిరిగి రాగలిగెను. 1888లో హైదరాబాదు గనుల కంపెనీ వాటాల వ్యవహారము లండనులో హౌస్ ఆఫ్ కామన్స్ విచారణ సంఘము ఎదుటకు పోయినది. హైదరాబాదు సొమ్ము లెక్కను అడుగుటకు సభ యొకటి భూమిమీద ఉన్నదని, అది సముద్రమున కావల ఉన్నదని మనవారికి అప్పుడు తెలిసివచ్చినది. వయోజనులందరి ఓటుతో ఎన్నికైన సభ ముందు ఈ రాజ్యపు ఆదాయ వ్యయములు ఉంచుట 1952 ఎన్నికల తరువాతి మాట.

కంటింజెంటు 1903లో భారత సైన్యమున కలిసి, ప్రత్యేకముగా లేకపోయెను. దాని నిమిత్తము పోయిన బెరారు 1902లో ఏటికి 25 లక్షలకు శాశ్వతపు కౌలుగా స్థిరపడెను. చేతిలో ఉన్న ముద్రిత పత్రములను మూసి మేము బొల్లారము దారిన పోయినపుడు, 1860లో రెసిడెంటు విడిదిగా కట్టిన భవనము, నేటి రాష్ట్రపతి నిలయము, వేపచెట్ల నడుమ కనబడినది. 2023 ఉగాదినుండి దానిని సామాన్య జనులు ఏడాది పొడవునను చూడవచ్చును. మేము పోయిననాడు ద్వారమువద్ద పిల్లలతో వచ్చిన సంసారులు వరుసలో నిలిచియుండిరి. ఇరుప్రక్కల ఊళ్లవారే ఎక్కువ.