పచ్చబొట్టు

మన ముత్తవల ముంజేతులపై పచ్చబొట్లు దీపపుమసిని ఆకుపసరుతో నూరి సూదులతో గ్రుచ్చినవి. చర్మపు పైపొర నిత్యము రాలుచుండును. మసి లోపొరను జేరుటచే చెరగదు. రోగబీజములకు నదియే దారి. శుద్ధిచేయని సూది యొకరినుండి వేఱొకరికి మారుటచే కాలేయమును జెఱచు కామెరలును, అచ్చటచ్చట కుష్ఠమును సోకుట వైద్యులు గుర్తించిరి. నా నింద సూదిమీదనే కాని బొట్టుమీద గాదు.

కంటి మాట వేఱు. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు దాపున నమ్ము సుర్మా పూయునదే కాని గ్రుచ్చునది కాదు. పెక్కు సుర్మాలలో సీసముండుటచే నదియు నిరపాయము గాదు. పువ్వుపడి చూపులేని కంటిపై నల్లరంగు గ్రుచ్చుట ప్రాచీన చికిత్స. 1869లో వెకర్ అను నేత్రవైద్యుడు దానికి నల్లసిరా వాడెను. 2007 మొదలు కొందఱు వేడుకకై మంచి కంటి తెల్లగ్రుడ్డులోనికే రంగెక్కించుకొనుచున్నారు. సూది లోతు తప్పి చూపు గోల్పోయినవారు గలరు. ఎక్కిన రంగును మరల దీయు నుపాయము లేదు.