పర్లాకిమిడిని వీడిన పంతులుగారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. బదిలీపై చోడవరం వెళ్లిన తండ్రి 1875లో అక్కడే మరణించగా, బాలుడు విశాఖపట్నంలో బంధువుల ఇంట చదువుకున్నారు. 1880లో ఉపాధ్యాయులై పర్లాకిమిడి చేరారు. అటుపై అర్ధశతాబ్దికి మించి ఆ ఊరే ఆయనకు సర్వస్వమైంది.

వ్యావహారిక భాషోద్యమం సర్వవిదితమే. (ఈ వ్యాసభాషను చూచి ఉంటే పంతులుగారు నన్ను మందలించేవారేమో!) నేను చెప్పదలచినది ఆ నేలపై ఆయనకుగల మమకారాన్ని గురించి. పరిసరాల కొండలలోని సవరల భాషకు ఆనాడు లిపి లేదు. ఆయన ఆ భాషను నేర్చి, పాఠ్యపుస్తకాలు రచించి, సొంత ఖర్చుతో వారికి బడులు నడిపారు. మన్యంలో సోకిన చలిజ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. ప్రభుత్వం పారితోషికమివ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, పర్లాకిమిడి అందులో చేరింది. ఆ విలీనాన్ని ఎదిరించి విఫలులైన పంతులుగారు ఆనాటి ఉదయమే, 73వ ఏట, ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అంతగా ప్రేమించినవారు అక్కడే ఉండిపోవలసిందని నాకు తోస్తుంది. సరిహద్దుకు ఈవల నిలిచిన మన పెద్దలు ఒరియా నేర్చుకున్నారు, తెలుగు బడులనూ కాపాడుకున్నారు. అయినా ఆ వృద్ధుని వేదనను తూచే అర్హత మనకెక్కడిది?

కొండలు దూరమైనా సవరభాషను ఆయన విడువలేదు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.