కొత్త లారీ తేవడానికి పోయే తొవ్వ: లదేణి నుంచి చాసీ దాకా

  పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికగా చదవండి.

మన తాండాల్లో స్టీరింగ్ పట్టుకుని బతికే అన్నలు చాలామంది ఉన్నారు. వాళ్ళు చేసే పనుల్లో ఒకదాని గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోం. అదే కంపెనీ నుంచి కొత్త లారీ తోలుకు రావడం. ఫ్యాక్టరీ జంషెడ్‌పూర్‌లోనో హోసూర్‌లోనో ఉంటుంది. డ్రైవర్ రైలెక్కి పోతాడు. టెంపరరీ నంబరు కాగితాలు, తాళంచెవి చేతిలో పెట్టి బండి అప్పజెప్తారు. జంషెడ్‌పూర్ నుంచి హైదరాబాద్ అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. క్యాబిన్ కూడా లేని ఉత్త చాసీ మీద, తలకు తువ్వాల చుట్టుకుని, ఎండకూ వానకూ తోలుకొచ్చే మనిషిని మీరూ హైవే మీద చూసే ఉంటారు. బండి షోరూముకో, బాడీ కట్టే షెడ్డుకో చేరితే ఆయన పని అయిపోయినట్టే. ట్రిప్పు డబ్బులు తీసుకుని మళ్ళీ బస్సెక్కుతాడు. బండి వేరేవాళ్ళది.

ఇంత దూరం సరుకూ బండీ కదిలించే పని మనకు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. మన గోర్ బోలిలో దాని పేరు లదేణి. ఎద్దుల మీద గోనెలు వేసి ఊరి నుంచి ఊరికి, రాజ్యం నుంచి రాజ్యానికి సరుకు మోసే వ్యాపారం అది. తాండా అంటే ఇప్పుడు మనకు ఊరు. అప్పట్లో తాండా అంటే నడిచే గుంపు: ఎద్దులు, మనుషులు, పిల్లలు, వంటసామాను అన్నీ కలిపి. ఆగిన చోటే ఊరు.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తరాదిన అలాంటి ఒక తాండాను చూసి రాసిపెట్టాడు. అందులో 14,000 ఎద్దులున్నాయి, అన్నిటి మీదా ధాన్యమే. ఒక్కో ఎద్దు వంద కిలోలు మోసిందని తక్కువలో తక్కువ లెక్కేసినా 1,400 టన్నులు. పది టన్నుల లారీలు 140 కావాలి దానికి! రోజుకు ఆరేడు మైళ్ళు మాత్రమే నడిచేవాళ్ళట. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఇంకో సంగతి రాశాడు. ఇరుకు దారిలో తాండా ఎదురైతే బండ్లవాళ్ళు అదంతా దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పది నిమిషాలకే విసుక్కునే మనం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మండీ రాసినదాంట్లో మనం అండర్‌లైన్ చేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఎద్దులు మనవాళ్ళ సొంతం. అప్పుడప్పుడు షావుకార్ల సరుకు కిరాయికి మోసినా, ఎక్కువసార్లు చౌకగా దొరికే చోట తామే కొని, ధర ఉన్న చోట తామే అమ్మేవాళ్ళు. అంటే డ్రైవరూ మనమే, ఓనరూ మనమే, వ్యాపారీ మనమే. మన దక్కన్‌లో కూడా బీరారు పత్తి తూర్పు తీరానికి, తీరం ఉప్పు ఇటు లోపలికి వచ్చింది ఈ ఎద్దుల మీదే. మొగలు సైన్యాలకు, 1791–92లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి కూడా తిండిగింజలు మోసింది మనవాళ్ళే. ఎవరు గెలిచినా సైన్యానికి తిండి కావాలి కదా.

మరి ఇదంతా ఎట్ల పోయింది? 1853లో బొంబాయి–ఠాణే రైలు మొదలైంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా పట్టాలు వచ్చాయి. తాండా నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో దింపేసింది. ఉప్పు మీద సర్కారు పట్టు, అడవి మీద ఆంక్షలు తోడయ్యాయి. మేత లేకపోతే ఎద్దు లేదు, ఎద్దు లేకపోతే లదేణి లేదు. పైగా 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. తిరుగుతూ బతికేవాళ్ళ మీద అనుమానమే ఆ చట్టానికి పునాది. కొన్ని ప్రాంతాల్లో మనవాళ్ళనూ ఆ జాబితాలో ఎక్కించారు. నిన్నటిదాకా సైన్యాలకు తిండి మోసినవాడు ఊరు దాటాలంటే పోలీసుకు చెప్పి పోవాల్సిన రోజులొచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. నిజాం రాజ్యంలో మనవాళ్ళకు ఏం జరిగిందో వివరంగా తెలుసుకోవాలంటే ప్రొఫెసర్ భంగ్యా భూక్యా గారి పరిశోధన చదవండి. ఆయన మనలోంచి వచ్చిన చరిత్రకారుడే.

మేము రోజూ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాటి పైకి చూస్తే కనిపించేది బంజారాహిల్స్. ఒకప్పుడు రాళ్ళగుట్టలు, చెట్లు, మనవాళ్ళ పశువులు. 1930లలో నిజాం సర్కారు అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకున్నాక పెద్దోళ్ళ బంగళాలు ఒక్కొక్కటిగా లేచాయి. గుట్టకు మన పేరు మిగిలింది, గుట్ట మనకు మిగల్లేదు. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, కుమురం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. సంతోషమే. కానీ పేరు, భవనం ఒకెత్తు. చేతిలో ఆస్తి ఉండడం ఇంకో ఎత్తు.

మేము చెప్పాలనుకున్నది ఇదే. తోలే విద్య మన దగ్గర నుంచి ఎవరూ గుంజుకోలేదు. పోయింది సొంతం అనే మాట. దూరం పోయే ధైర్యం, రాత్రి తొవ్వ గుర్తుపట్టే తెలివి, గుంపుగా నడిచి ఒకరినొకరు కాపాడుకునే పద్ధతి ఇంకా మన అన్నల్లో ఉన్నాయి. ఆర్‌సీ మీద పేరు మాత్రం వేరే. ఫైనాన్స్ మీద సొంత బండి తీసుకున్నా, కిస్తీ తప్పితే బండి గుంజుకుపోతారు. ఎద్దుకు జబ్బు చేస్తే తాండా ఆగి ఎదురుచూసేది. కిస్తీ ఎవరి కోసమూ ఆగదు.

కాబట్టి మనలో చదువుకున్నవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. అన్న కొత్త బండికి సంతకం పెట్టేముందు లోను కాగితాలు మనం చదివిపెట్టాలి. వడ్డీ ఎంత, ఇన్సూరెన్సు ఎవరి పేరు మీద, ట్రైకార్ సబ్సిడీ వర్తిస్తుందా అని అడిగి తెలుసుకోవాలి. నలుగురు కలిసి కొంటే ఎట్లుంటుందో కూర్చుని లెక్కేయాలి. నాయక్, కారభారి కలిసి తాండా లెక్కలు చూసుకున్న జాతి మనది, ఇది మనకు కొత్తగా నేర్వాల్సిన పనేం కాదు.

ఇంకొక మాట. పండుగకు ఇంటికి పోయినప్పుడు యాడిని, బాపును, ముసలోళ్ళను అడగండి: మనవాళ్ళు ఏ దారిన వచ్చారు, ఏం మోశారు, ఎక్కడ ఆగారు? చెప్పింది చెప్పినట్టు రాసి ఇక్కడ పెట్టండి. అన్నీ ఒకచోట చేరిస్తే మన తొవ్వల పటం మనమే గీసుకోవచ్చు.