మడియును శుచియును: కృష్ణాతీరమున పాల కథ

పాలు కాచి తోడుపెట్టుట, ఆవకాయ జాడీలో తడిచేయి పెట్టకుండుట మున్నగు కట్టుబాట్లు మన యిండ్లలో తరతరములుగ వచ్చుచున్నవి. అందు కొన్ని నిజముగ శుచిని కాపాడునవి. కొన్ని శుచి యను భ్రాంతిని మాత్రమే కలిగించునవి. ఈ రెంటిని వేఱుచేసి చూపినది సూక్ష్మజీవశాస్త్రము. ఆ శాస్త్రము కృష్ణాతీరమునకు వచ్చిన తెఱంగు గృహస్థులెల్లరు తెలిసికొనదగినది.

బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తియయ్యెను. కాలువలు పాఱినచోట వరి పండెను. వరిగడ్డి యున్నచోట గేదెలు పెరిగెను. కాని ఆ కాలువలోనే స్నానము, అందే బట్టలుదుకుట, అందే పశువులను కడుగుట, ఆ నీరే త్రాగుట! ఆనకట్ట కట్టుచున్న దినములలోనే, 1854లో, లండనునగరమున జాన్ స్నో యను వైద్యుడు కలరా త్రాగునీటివలన వ్యాపించునని చూపెను. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో రోగుల ప్రేవులలోను, ఒక చెఱువు నీటిలోను ఆ వ్యాధిక్రిమిని కనుగొనెను. కంటికి తేటగ నుండినను, పుణ్యజలమని పేరొందినను, నీటి పవిత్రతతో క్రిమికి పనిలేదని తేలెను.

పాల సంగతియు నిట్టిదే. పాలు పులియుట జీవకణముల పని యని 1857లో లూయీ పాశ్చరు ప్రకటించెను. 1878లో లిస్టరు ఆ క్రిమిని వేఱుపఱచి పెంచెను. మనము తోడుపెట్టు చుక్కలోని జీవులు దాని బంధువులే. అవి పాలలోని చక్కెరను ఆమ్లముగ మార్చును. ఆ పులుపులో రోగక్రిములలో పెక్కింటికి పెరుగుదల యుండదు. ఆవకాయకు ఉప్పును పులుపును కావలి. తడి చేరినచోట ఉప్పు పలుచనై బూజు పట్టును. ఇడ్లీపిండిని పొంగించునది ల్యూకొనాస్టాక్ అను జీవి యని 1965లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మన పెద్దలు కారణ మెఱుగకయే ఫల మెఱిగిరి; అందులకు వారికి నమస్కరింపవలసినదే.

అయితే పెద్దల మాటలన్నియు నట్టివి కావు. మడి కట్టుకొని వండినది శుద్ధమనియు, అన్యులు తాకినది అశుద్ధమనియు ననుకొంటిమి. కాలువలో ముంచి ఆఱవేసిన బట్ట మడి. ఆ కాలువనీటనే కడిగిన చెంబు మడి! పాలలో నీళ్లు కలిపిన దోషము లాక్టోమీటరు చెప్పును గాని, ఆ నీటితో వచ్చిన క్రిమిని అది చెప్పజాలదు.

ఫిలిప్పైన్సు ద్వీపములలో బార్బరు అను శాస్త్రజ్ఞుడు 1914లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. ఒక పశుశాలలోని పాలు అప్పుడే పితికినపుడు హాని చేయలేదు. వేడిమిలో కొన్ని గంటలు నిలువయున్నచో వాంతులు కలిగించెను. అతడు తానే త్రాగి పరీక్షించి, రోగమున్న పొదుగునుండి వచ్చిన క్రిమియే కారణమని తేల్చెను. ఆ క్రిమి విడిచిన విషము కాచినను పోదు. కావున నిర్లక్ష్యముగ నిలువచేసి పిమ్మట కాచితిమని ధైర్యపడరాదు.

ఆంధ్రప్రదేశమున 1960లో యూనిసెఫ్ సాయముతో సమగ్ర పాల పథకము మొదలయ్యెను. 1969లో విజయవాడలో పాల కర్మాగారము నెలకొనెను. పాశ్చరీకరణ మనగా పాలను డెబ్బదిరెండు డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో పదునైదు సెకనులు ఉంచి, వెంటనే చల్లార్చుట. పచ్చిపాలవలన క్షయయు, పశువులనుండి వచ్చు జ్వరములును కలుగకుండ నిది కాపాడును. వేడి చాలినదో లేదో తెలియుటకు ఫాస్ఫటేసు పరీక్ష కలదు: పాలలో సహజముగ నుండు ఆ పదార్థము మిగిలియున్నచో వేడి చాలలేదని యర్థము. పచ్చిపాలలో మిథిలీన్ బ్లూ అను నీలిరంగు వేసినచో, క్రిములెంత యెక్కువయో రంగు అంత త్వరగా విఱిగిపోవును.

చదువరులారా, ఇచ్చట నొక్క నిమిషము నిలిచి యాలోచింపుడు. ఊరూరి పాలు ఒక్క తొట్టిలో కలిసిపోవును. ఏ యింటి గేదెదో, ఏ చేయి పితికెనో చెప్పగలవా రెవ్వరును లేరు. ఆ నీలిరంగు కులమడుగదు. పాత్ర శుభ్రమా, చేయి శుభ్రమా, పాలెంతసేపు నిలువయుండె ననియే యడుగును. ఆ పాలతోనే మన దేవునికి నైవేద్యము, మన బిడ్డలకు ఆహారము. ఆ పాలు త్రాగుచునే పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టు ఇండ్లు నేటికిని కలవు. ఈ వేఱుగ్లాసు ఏ రోగమును ఆపినది? ఆమె చేతికి సబ్బును, మంచినీటిని ఇచ్చి, మన చేతిని గూడ కడుగుకొనినచో రోగ మాగును.

ఆహారరక్షణశాస్త్రమున నేటి సూత్రము గూడ నిదియే. 1960 తరువాత అమెరికాలో వ్యోమగాముల ఆహారమునకై ఒక పద్ధతి యేర్పఱచిరి. వండిన పదార్థమును చివర పరీక్షించి ఊరకుండక, అపాయము చొరగల ప్రతి మెట్టునను కావలియుండుట దాని సారము. మన వంటయింటిలో ఆ మెట్లు నాలుగు: నీరు, చేయి, వేడి, కాలము. ఈ నాలుగింటియందు పట్టుదల చూపుటయే నిజమైన మడి. తక్కిన మడి మనుష్యుని మనుష్యునికి దూరము చేయునే కాని, బిడ్డకు విరేచనములను దూరము చేయజాలదు.